మానిన తరువాత వచ్చే దిగులు

(వెంకటగిరికోటలో సంఘ కుటుంబముల కూడికలో ఒక పాదిరిగారు చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశం "మాదకద్రవ్యములు" అని కార్యక్రమ పత్రంలో అచ్చయింది. ఆ మాట చూడగానే ఎటువంటి ప్రసంగం వస్తుందో మీరు ఊహించే ఉంటారు. తాగకండి, ముట్టకండి, చెడిపోతారు అని చెప్పి, నాలుగు భయంకరమైన సంగతులు వినిపించి, ప్రార్థనతో ముగించే ప్రసంగం. అది అనవసరమని నేననను. కాని మీరు దానిని చాలాసార్లు విన్నారు. ఈ పూట నేను మాట్లాడబోయేది మానినవారిని గూర్చి. వైద్యం చేయించుకొని, ఇంటికి వచ్చి, ఉతికిన చొక్కా తొడుక్కొని, ఆదివారం మూడవ బెంచీలో వచ్చి కూర్చున్న మనిషిని గూర్చి. మానాడు గదా, ఇంకేం కావాలి అని మనం అనుకుంటాం. అతని అసలు కష్టం ఆ వారంలోనే మొదలవుతుంది.

ముందుగా మాటలు తేటపరచుకుందాం. గసగసాల పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి. అవి ఎండి నల్లబడితే నల్లమందు. నల్లమందులో నుండి తీసినది మార్ఫిన్. మార్ఫిన్‌ను మార్చి చేసినది హెరాయిన్. ఈ హెరాయిన్‌ను 1898లో జర్మనీ దేశపు బేయర్ కంపెనీ దగ్గుమందుగా అమ్మింది. మార్ఫిన్ లాగా ఇది అలవాటు కాదని అప్పటివారు నమ్మారు. కొన్ని దగ్గు సీసాలలో ఉండే కోడీన్ కూడా ఈ ఇంటిదే. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, టపెంటడాల్ మాత్రలు గసగసాల నుండి రావు, ఫ్యాక్టరీలో తయారవుతాయి. అయినా మెదడులో అవి తట్టే తలుపు ఇదే. వీటన్నిటినీ కలిపి నల్లమందు జాతి మందులు అంటాను. ఒక మాట ఇక్కడే చెప్పాలి. కాన్సరు నొప్పితో మెలికలు తిరిగే ముసలితండ్రికి డాక్టరు మార్ఫిన్ వ్రాసి ఇస్తే, నా ప్రసంగం గుర్తుకు తెచ్చుకొని దానిని ఆపకండి. నొప్పి తీర్చే చోట ఇవి గొప్ప మేలు. ఆ సంగతి వేరు.

"ఇదంతా పంజాబు సంగతి, మణిపూరు సంగతి, మనకెందుకండీ" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. అక్కడ ఎక్కువ, ఒప్పుకుంటాను. మన దగ్గర తాగుడే పెద్ద తెగులు, అదీ ఒప్పుకుంటాను. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వే, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసినది, దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు, నల్లమందు జాతి మందులు వాడేవారు సుమారు 2 కోట్ల 26 లక్షలు అని చెప్పింది. ఎనిమిదింట ఒక వంతు కన్న కొంచెం ఎక్కువ. చిన్న లెక్క కాదు గదా. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం క్రిందికి తెచ్చారంటే, ఆ మాత్ర ఎంత దూరం పోయిందో ఆలోచించండి. 2021లో మన మదనపల్లె పక్క పొలాలలోనే దొంగచాటుగా వేసిన గసగసాల పంటను అధికారులు పట్టుకొని పెరికించిన వార్త మీలో చాలామంది చదివే ఉంటారు. పైగా మనది మూడు రాష్ట్రాల ముంగిలి. ఇటు కోలారు, అటు పేర్ణంబట్టు ఘాటు, ఈ ప్రక్క కుప్పం. సంతకు వచ్చే సరుకుతోపాటు సంతకు రాని సరుకు కూడా ఈ రోడ్ల మీదనే పోతుంది.

అసలు తెలుగువారికి నల్లమందు కొత్త కాదు. మదరాసు రాజధానిలో నల్లమందు వాడకానికి గోదావరి జిల్లా పేరుపడింది. చలిజ్వరానికి విరుగుడని నమ్మి తినేవారు. పనికి పోయే తల్లులు పసిబిడ్డ ఏడవకుండా ఆవగింజంత నాకించే అలవాటు దేశంలో చాలా చోట్ల ఉండేది. మిషనరీలు మొదలైనవారు గోలపెట్టగా 1893లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్ వేసింది. 1895లో వచ్చిన నివేదిక ఖజానా పక్షానే మాట్లాడింది. స్వతంత్రం వచ్చిన తరువాత 1959తో, వైద్యానికి తప్ప, నల్లమందు అమ్మకం ఆగింది. 1985లో ఇప్పటి చట్టం వచ్చింది. సారా విషయంలోనూ అంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించారు, 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అంగడి ఎలా మూయించాలో మనవారికి తెలుసు. మూసిన అంగడి ముందు నిలబడిన మనిషికి లోపల ఏమవుతుంది అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక సహోదరుని సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను, గుర్తుపట్టకుండా కొంత మార్చి చెబుతున్నాను, కాబట్టి ఎవరా అని వెదకవద్దు. అతడు మదనపల్లె మార్కెట్టు నుండి మద్రాసుకు టమాటా లోడు తోలేవాడు. సరుకు తెల్లవారకముందే చేరాలి, లేకపోతే ధర పడిపోతుంది. నడుము నొప్పి. తోటి డ్రైవరు ఒకడు మాత్ర ఇచ్చాడు. నొప్పి పోయింది. నొప్పితోపాటు అప్పు దిగులు, అన్నదమ్ముల తగాదా కూడా పోయినట్టు అనిపించింది. ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. బండి ఫైనాన్సువారు తీసుకొని పోయారు. తల్లి కమ్మలు పోయాయి. చివరకు బావమరది పట్టుబట్టి చికిత్సకు తీసుకొని పోయాడు. పదిహేను రోజులకు తిరిగి వచ్చాడు. సంఘంలో స్తుతి అర్పణ జరిగింది. అందరం సంతోషించాం.

మూడవ వారంలో నేను వాళ్ళ ఇంటికి పోతే అరుగు మీద గోడ చూస్తూ కూర్చొని ఉన్నాడు. ఎట్లా ఉన్నావు నాయనా అంటే, "బాగుండాను అయ్యగారూ" అన్నాడు. కొంతసేపటికి తానే అన్నాడు: "కోడికూర వండినా మట్టి తిన్నట్టుండాది. నా బిడ్డ వచ్చి మెడ పట్టుకొని నగితే నాకు ఏమీ అనిపించలా. ఆ బిడ్డ ఎవురి బిడ్డో అన్నట్టుండాది. అప్పుడు దొంగను, ఇప్పుడు మొద్దును." లోపలి నుండి భార్య వచ్చి, అతడు వినేటట్లే, "ఆ మాత్రలు మింగేటప్పుడే మేలయ్యగారూ, మనిషి మాట్లాడేవాడు" అంది. ఆమెను తప్పు పట్టవద్దు. పదేండ్ల అలసట ఆ మాట అనిపించింది.

రెండు నెలలకు అతడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఊరు ఏమన్నదో మీకు తెలుసు. కుక్క తోక సామెత చెప్పారు.

ఇక్కడ కొంచెం వైద్యశాస్త్రం చెప్పాలి. నేను డాక్టరును కాను, డాక్టర్ల దగ్గర కూర్చొని అడిగి తెలుసుకొన్నదీ, చదివినదీ చెబుతున్నాను. ఈ మందు మానితే మొదట వచ్చే బాధ శరీరానిది. ఆవలింతలు, కండ్లవెంట ముక్కువెంట నీళ్ళు, గగుర్పాటు, విరేచనాలు, ఎముకలలో కొరుకుడు, నిద్రలేమి. హెరాయిన్ వంటి వాటిలో రెండు మూడు రోజులకు శిఖరానికి పోయి, వారం పది రోజులలో దాదాపు తగ్గిపోతుంది. చూసేవారికి భయంకరంగా ఉంటుంది గాని, మామూలు ఆరోగ్యం గలవారిని ఆ బాధ సాధారణంగా చంపదు. అందరమూ దీనినే పెద్ద యుద్ధం అనుకుంటాం. అది గెలిస్తే గెలిచినట్టే అనుకుంటాం.

రెండవది నెమ్మదిగా వచ్చి చాలాకాలం ఉంటుంది. 1975లో స్కాట్లాండులోని అబర్డీన్ పట్టణంలో హ్యూస్, కాస్టర్‌లిట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి కనిపెట్టారు. నల్లమందు వంటి పదార్థాన్ని మన మెదడు తనంతట తానే కొద్ది కొద్దిగా తయారు చేసుకుంటుంది. దెబ్బ తగిలినప్పుడు నొప్పి ఓర్చుకోవడానికి, ఆకలి తీరినప్పుడు తృప్తికి, బిడ్డను ఎత్తుకొన్నప్పుడు కలిగే హాయికి అందులో పాత్ర ఉంది. మన సీమవారికి బావుల సంగతి చెబితే తెలుస్తుంది. ఇంటి బావి ఉండగా రోజూ ట్యాంకరు నీళ్ళకు అలవాటుపడితే, బావిని ఎవరూ తోడరు, పూడిక తీయరు. ట్యాంకరు ఆగిన నాడు చేద వేస్తే బురద వస్తుంది. మనిషి మారినాడు, మనసు కూడా మంచిదే. బావిలో ఊట రాలేదు. ఊట రావడానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. కోడికూర మట్టిగా ఉండడం, బిడ్డ నవ్వు తాకకపోవడం అంటే ఇదే.

ఇది ఒక రకం. ఇంకొక రకం ఉంది. కొందరికి దిగులుజబ్బు ముందే ఉంటుంది. దానిని కప్పుకోవడానికే మందు పట్టుకొని ఉంటారు. మందు తీసివేస్తే పాతది పైకి తేలుతుంది. మరికొందరికి మెలకువ వచ్చేసరికి అప్పులు, అమ్ముకొన్న నేల, ముఖం చూడని తమ్ముడు కండ్లముందు నిలుస్తారు. దిగులు పడకపోతేనే ఆశ్చర్యం. ఏది ఏ రకమో నేను తేల్చలేను, మీరూ తేల్చలేరు. చికిత్స సరిగా కుదిరినవారిలో చాలామందికి కొద్ది వారాలలో మనసు తేలికపడుతుందని, అలా పడనివారికి దిగులుకు వేరుగా మందు, మాట సాయం కావాలని వైద్యులు చెబుతారు. రెండు వారాలు దాటినా నిద్ర లేక, తిండి సయించక, దేని మీదా మనసు పోక, "నేను ఉండి ఏం ప్రయోజనం" అనే మాట వస్తూ ఉంటే ఇంట్లో కూర్చోబెట్టుకోకండి.

మనవంటి వారము, అంటే పాదిరులము, సంఘపెద్దలము, ఇక్కడ ఒక చోట దారి తప్పడానికి అవకాశం ఉంది. కన్నీళ్ళు పెట్టుకొన్న మనిషిని చూడగానే పశ్చాత్తాపమని సంతోషిస్తాం. ఎండిపోయి కూర్చొన్న మనిషిని చూడగానే హృదయకాఠిన్యమని కోప్పడతాం. రెండూ కాకపోవచ్చు. ఏలీయా సంగతి జ్ఞాపకం చేసుకోండి. కర్మెలు మీద అంత గొప్ప జయం పొందిన తరువాతనే గదా ఆయన అరణ్యంలో బదరీవృక్షం క్రింద కూర్చొని చావు కోరుకొన్నాడు. ఓటమి తరువాత కాదు, జయం తరువాత. ఆయనకు అప్పుడు ప్రసంగం వినిపించలేదు. నిద్రపోనిచ్చారు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చారు, మళ్ళీ నిద్రపోనిచ్చారు, మళ్ళీ పెట్టారు. ప్రశ్న అడిగింది ఆ తరువాత, చాలా దూరం నడిచిన తరువాత. వేదాంత కళాశాలలో ఈ అధ్యాయం మీద పరీక్ష వ్రాశాం గాని, అందులోని వరుసను మాత్రం అరుగు మీద ఆ డ్రైవరు పక్కన కూర్చొన్నప్పుడే గమనించాను.

యావను గూర్చి కూడా గ్రంథంలోనే ఉంది. ఐగుప్తు విడిచిన జనం అరణ్యంలో తలచుకొన్నది కొరడాను కాదు. అక్కడి చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను. మనసు అలాగే పనిచేస్తుంది. మాత్రలు మానినవానికి పోయిన బండి గుర్తుకు రాదు, మొదటి మాత్ర వేసుకొన్న రాత్రి గుర్తుకు వస్తుంది. దిగులు ఎంత పెరిగితే ఆ రాత్రి అంత అందంగా కనబడుతుంది. అందుకే దిగులు, తిరగబెట్టడం ఒకే గాటికి కట్టిన జోడెద్దులు. ఒకదానిని విప్పకుండా రెండవదానిని తోలలేము.

మన భాషలో మంచి మాట ఉంది చూడండి, "తిరగబెట్టింది" అంటాం. జ్వరం తిరగబెట్టింది, క్షయ తిరగబెట్టింది. జబ్బును గూర్చి అనే మాట అది. వ్యసనం దగ్గరకు వచ్చేసరికి ఆ మాట వదిలి "వాడి బుద్ధి మారలేదు" అంటాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం సానిటోరియం మీకందరికీ తెలుసు. అనేక మిషన్లు కలిసి నూరేండ్లకు ముందే కట్టినది, డెన్మార్కు నుండి వచ్చిన డాక్టరు ఫ్రిమాట్ మోలర్‌గారు తీర్చిదిద్దినది. క్షయకు సరియైన మందు లేని ఆ కాలంలో రోగులు నెలల తరబడి మంచి గాలికి, మంచి తిండికి అక్కడ ఉండేవారు. బాగుపడి ఇంటికి పోయినవారిలో కొందరికి తిరగబెట్టేది. మళ్ళీ వచ్చేవారు. తిరిగి వచ్చిన క్షయరోగిని "నీ మారుమనస్సు నిజం కాదు" అని సంఘంలో నుండి తీసివేశారని నేనైతే ఎక్కడా వినలేదు. తరువాత మందులు వచ్చాయి. మందులు వచ్చాక ఎదురైన చిక్కు ఏమిటి? దగ్గు తగ్గగానే రోగి మాత్రలు ఆపేయడం. ఈనాటికీ క్షయ తిరగబెట్టే పెద్ద కారణాలలో అదొకటి.

నల్లమందు జాతి వ్యసనానికి కూడా మందులు ఉన్నాయి. చాలామందికి తెలియదు. 1960ల మధ్యలో న్యూయార్కులో డోల్, నైస్వాండర్ అనే వైద్యదంపతులు మెథడోన్ అనే మందును రోజూ ఒక లెక్క ప్రకారం ఇచ్చి, హెరాయిన్ రోగులు ఉద్యోగాలకు పోయి సంసారాలు చేసుకోగలరని చూపించారు. మన దేశంలో ఎక్కువగా వాడేది బూప్రెనార్ఫిన్, నాలుక క్రింద పెట్టుకొనే మాత్ర. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నాల్‌ట్రెక్సోన్ అని ఇంకొకటి ఉంది. అది మెదడులోని ఆ తలుపుకు తాళం వేస్తుంది, పూర్తిగా మానిన తరువాతనే మొదలుపెట్టాలి. ఇవి డాక్టరు చేతిలో ఉండవలసినవి. అంగట్లో కొనుక్కొనేవి కావు.

"ఒక మత్తు మాన్పించి ఇంకొక మత్తా అయ్యగారూ?" ఈ ప్రశ్న నన్ను అడగని కుటుంబం లేదు. న్యాయమైన ప్రశ్నే. సరియైన మోతాదులో అలవాటుపడిన రోగికి ఆ మాత్ర తూలుడు తేదు. యావను, ఒళ్ళునొప్పిని ఆపుతుంది. బండి తోలగలడు, కూలికి పోగలడు, లెక్క వ్రాయగలడు. పొద్దున లేచి డబ్బు ఎక్కడ దొంగిలించాలి అనే ఆలోచన లేకుండా బ్రతకగలడు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వాడేవారిని బానిస అనము. అయినా పోలిక వదిలిపెట్టండి. చికిత్స ఇలా కొనసాగించేవారిలో చావులు, చికిత్స మానినవారితో పోలిస్తే, ఎంతో తక్కువ. నాకు ఈ ఒక్క మాట చాలు. కేవలం మాన్పించి, మందు సాయం ఏదీ లేకుండా ఇంటికి పంపినవారిలో ఎక్కువమంది కొద్ది నెలలలో మళ్ళీ మొదలుపెడతారు. అది వారి బుద్ధి లెక్క కాదు, జబ్బు లెక్క.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన సంగతి. తల్లులు జాగ్రత్తగా వినండి. రోజూ పది మాత్రలు మింగేవాని శరీరం ఆ పదికి అలవాటుపడి ఉంటుంది. రెండు వారాలు, నెల మానితే ఆ ఓర్పు పోతుంది. దిగులు తట్టుకోలేక ఒక రాత్రి మళ్ళీ పట్టుకొన్నవాడు పాత లెక్క ప్రకారమే పది మింగుతాడు. శరీరం ఇప్పుడు కొత్తవాని శరీరం. ఊపిరి ఆగిపోతుంది. ఆసుపత్రి నుండి, జైలు నుండి బయటకు వచ్చిన మొదటి వారాలు అందుకే మహా ప్రమాదకరం. బాగా మానిన మనిషే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు, చూడండి ఎంత విపరీతమో. దానికి తోడు మద్యమో నిద్రమాత్రలో కలిస్తే మరీ ఘోరం. లేపితే లేవకపోవడం, వింతగా గురక, ఊపిరి చాలా నెమ్మదించడం, పెదవులు నీలంగా మారడం, కంటిపాప గుండుసూది తలంత కావడం, ఇవి గుర్తులు. "మత్తులో ఉన్నాడు, పొద్దునకు దిగుతుంది, పడుకోనీ" అనకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి, ఏమి మింగాడో దాచకుండా చెప్పండి. నాలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షను ఉంది, వేళకు అందితే మనిషి లేస్తాడు. నేను చెప్పిన డ్రైవరు బ్రతికింది ఇలాగే. తల్లికి గురక వింతగా తోచింది, పరువు చూసుకోకుండా కేక పెట్టింది. ఇప్పుడు అతడు చికిత్సలో ఉన్నాడు. దిగులుకు కూడా మందు వాడుతున్నాడు. నవ్వుతున్నాడా అంటే, కొంచెం.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి పోనివారు ఉన్నారు. 1985 చట్టంలోనే 64ఎ అనే సెక్షను ఉంది. స్వంత వాడకానికి కొద్దిపాటి సరుకుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు పోతే శిక్ష నుండి రక్షణ ఇస్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని గూర్చి కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆ మనిషి తీవ్రమైన వేదనలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని చెబుతుంది. "చచ్చిపోవాలని ఉందా" అని సూటిగా అడగడానికి జంకకండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది.

స్థలం సంగతి కూడా చెప్పాలి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు అనేకులు హెరాయిన్ మరిగారు. 1971లో వారు ఇంటికి వస్తుంటే దేశం భయపడింది. లీ రాబిన్స్ అనే ఆమె వారిని వెంబడించి పరిశోధన చేశారు. అక్కడ బానిసలైనవారిలో, ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవారు నూటికి సుమారు 5 మందే. కారణాలు చాలా చెబుతారు, కాని స్థలం మారడం, స్నేహం మారడం, సరుకు చేతికందకపోవడం అందులో పెద్దవి. మనవాడు మాత్రం చికిత్స ముగిసి ఎక్కడికి వస్తాడు? అదే వీధికి, అదే టీకొట్టుకు, అదే డ్రైవర్ల దగ్గరకు. స్థలాన్ని మార్చలేని పేదవానికి స్నేహాన్నయినా మార్చి ఇవ్వవలసింది ఎవరు? సంఘం అనే మాటకు అర్థం స్నేహబృందమే గదా.

అందుకని మన సంఘాలకు కొన్ని విన్నపాలు. మానిన మనిషిని నెల తిరగకముందే వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. మనకు సంతోషంగా ఉంటుంది, అతనికి ఉరిత్రాడు అవుతుంది. అంతమంది ముందు జయం ప్రకటించినవాడు, మళ్ళీ యావ పుట్టినప్పుడు ఎవరితో చెప్పుకుంటాడు? చెప్పుకోలేకనే దాచుకుంటాడు, దాచుకొన్నవాడే ఒంటరిగా మింగుతాడు. తిరగబెట్టినవానిని బల్ల నుండి వెలివేసే ముందు, అతడు ఆసుపత్రి చీటీ చూపించగలిగే ఒక్క మనిషినైనా మన సంఘంలో పెట్టామా అని పెద్దలు ఆలోచించాలి. ఉపవాస ప్రార్థన చేయండి, వద్దనను. ప్రార్థన పేరుతో మాత్రలు మాన్పించకండి. ఆదివారం సాక్ష్యం కన్న బుధవారం సాయంకాలం అరుగు మీద కూర్చోవడం ఎక్కువ పని చేస్తుంది. ప్రసంగం అక్కర లేదు. చీకటిపడే వేళ, జీతం వచ్చిన రోజు, పండుగ రోజు, చావింటికి పోయి వచ్చిన రోజు, ఆ నాలుగు వేళలూ గుర్తుపెట్టుకోండి.

దగ్గరలో సహాయం లేదని అనుకోవద్దు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. వెల్లూరు సి.ఎం.సి.వారు 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టినప్పటి నుండి రోగితోపాటు ఇంటివారు కూడా ఉండాలని పట్టుబట్టారు. నాకు చాలా నచ్చిన పద్ధతి. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు, భర్తను తాగుడు వల్ల పోగొట్టుకొన్న ఆమె, 1980లో స్థాపించిన సంస్థ ఉంది. పోలేనివారికి ఫోను ఉంది. 14416, 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు. 14446, కేంద్రప్రభుత్వపు వ్యసన విముక్తి ఫోను. ఈ రెండు నంబర్లు మందిరం గోడ మీద, చెప్పుల దగ్గర వ్రాయించండి. లోపల వ్రాయిస్తే అందరూ చూస్తుండగా ఎవరూ వ్రాసుకోరు.

ప్రసంగం అయిన తరువాత కొందరు ప్రశ్నలు అడిగారు. వాటిలో ఒకటి ఇక్కడ చేర్చమని సంపాదకవర్గంవారు కోరారు.

వెనుక వరుసలో నుండి ఒక తల్లి లేచి, "అయ్యగారూ, మావాడు ఆసుపత్రి మాత్ర వాడుతుండాడు. ఎన్నాళ్ళు వాడాల? పెండ్లి చేయొచ్చా?" అని అడిగింది. కొందరు నవ్వారు. నేను చెప్పిన జవాబు ఇది: అమ్మా, ఎన్నాళ్ళో డాక్టరు, మీవాడు కలిసి తేల్చుకోవాలి, కొందరికి నెలలు, కొందరికి ఏండ్లు. తొందరపడి ఎవరూ ఆపవద్దు. పెండ్లి మందు కాదు, కాబట్టి మందుగా చేయవద్దు. చేసేటట్లయితే, పిల్లకు, పిల్ల తల్లిదండ్రులకు అంతా చెప్పి చేయండి. ఆమె కొంచెంసేపు నిలబడి, "చెప్తే ఇస్తారా?" అంది. కొందరు ఇవ్వరమ్మా అన్నాను. ఆమె తల ఊపి కూర్చొన్నది.